మిషన్ ఎవరి చేతిలో ఉన్నా పదిహేడు పదిహేడే

2025 యాసంగి, ఏప్రిల్ నెలాఖరు. పొద్దున తొమ్మిదిన్నరకే ఎండ మాడు పగలగొడుతోంది. వర్ధన్నపేట వైపు మా క్లస్టర్‌లో ఉన్న ఒక ఊరికి, మహిళా సంఘాలు నడిపే ఐకేపీ వడ్ల కొనుగోలు సెంటర్ చూడటానికి వెళ్ళాను. ఊరి బయట ఖాళీ జాగాలో ఎటు చూసినా కుప్పలే. కుప్పకూ కుప్పకూ నడుమ మనిషి నడిచేంత బాట. పాదాలతో వడ్లు తిప్పుతూ ఆరబెడుతున్నవాళ్ళు కొందరు, రాత్రి కప్పిన కవర్లు మడత పెడుతున్నవాళ్ళు కొందరు.

సెంటర్ నడిపే అక్క ఒక పెద్దాయన కుప్ప దగ్గర గొంతుక్కూచుని ఉంది. పైనుంచి ఒక పిడికెడు తీసింది. పక్క నుంచి ఒక పిడికెడు. తర్వాత చేతిని మోచేతి దాకా కుప్పలోకి దింపి అడుగు నుంచి ఇంకో పిడికెడు. అడుగు వడ్లే అసలు సంగతి చెప్తాయి. పైన గలగలలాడుతున్నా లోపల చెమ్మ ఉంటుంది. మూడూ అరచేతిలో కలిపి, తాలు ఊదేసి, తేమ శాతం కొలిచే మిషన్ కప్పులో పోసి, పైన పిడి బిగించి బటన్ నొక్కింది.

"పందొమ్మిది పాయింట్ రెండు వచ్చింది పెదనాయిన. పదిహేడుకు రావాలె. ఇంకొక్క ఎండ తాకనియ్యి."

మిషన్‌ను ఆయన వైపు తిప్పి చూపించింది. పెద్దాయన అంకె వైపు చూడలేదు. చుట్టూ చూశాడు.

"మీ ఆయన లేడా బిడ్డా? ఆయనొచ్చి సూత్తడు తియ్యి."

అప్పుడే ఆమె భర్త సద్ది గిన్నె ఇవ్వడానికి వచ్చాడు. ఆయన ఆటో నడుపుతాడు. ఆమె మిషన్ ఆయన చేతికిచ్చింది. పిడి ఎటు బిగించాలో తెలియక "గిటా, గటా?" అని ఆయన భార్యనే అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన తిప్పాడు, నొక్కాడు. పందొమ్మిది పాయింట్ మూడు.

"గట్లనా. అయితె రేపు గూడ ఎండబోత్త" అని పెద్దాయన తువ్వాల దులుపుకుని లేచాడు.

ఆ పెద్దాయన చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పాలి. అక్క ఎండలో తిరుగుతుంటే "గింత నీడకు కూసోరాదు బిడ్డా" అని పిలిచి, తన చల్ల సీసా ఇచ్చిన మనిషి. ఆమెను అవమానించాలని ఆయన మనసులో రవ్వంత కూడా లేదు. అంకె నిజమో కాదో తేలాలంటే మగమనిషి నోటి నుంచి రావాలన్నది ఆయన అనుకున్న మాట కూడా కాదు. ఆయనకు తెలియకుండానే కళ్ళు అటు వెతికాయి, అంతే.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. వ్యవసాయ డిగ్రీ చదివిన దాన్ని, ఆ వడ్ల నాణ్యత మీద సంతకం పెట్టాల్సిన దాన్ని. ఒక్క మాట అనలేదు. అనాలని తోచనే లేదు. రాత్రి ఇంటికొచ్చి పిల్లలకు అన్నం పెడుతుంటే గుర్తొచ్చింది, ఆ మిషన్ వాడటం ఆమెకు నేర్పింది నేనేనని.

నేను ఏఈఓని. వ్యవసాయ విస్తరణ అధికారి. సుమారు ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టర్, దానికి ఒక రైతు వేదిక, దానికి నేను. ఉద్యోగంలో చేరి తొమ్మిదేళ్ళు దాటింది. ఇప్పటికీ కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే మొదటి మాట "నమస్తే సార్" అనే ఉంటుంది. నా గొంతు విన్నాక "అయ్యో, మేడమా, ఏఈఓ సార్ లేడా?" అంటారు. నేనే ఏఈఓని అంటే ఒక్క క్షణం ఆగి, మళ్ళీ "సరే సార్, మరి యూరియా ఎప్పుడొస్తది?" అని అడుగుతారు. గౌరవం ఇవ్వాలనుకున్నప్పుడు వాళ్ళ నోటికి మగ పిలుపే వస్తుంది. ఇందులో వాళ్ళ తప్పు వెతకడం లేదు. హనుమకొండ నుంచి ఖమ్మం రోడ్డు ఎక్కేటప్పుడు వరంగల్ కోట వైపు మళ్ళే దారి దాటుతాను. ఆ కోట నుంచి 1262 నుంచి 1289 దాకా రాజ్యం ఏలిన మనిషిని శాసనాల్లో ఏమని రాశారు? రుద్రదేవ మహారాజు అని. గణపతిదేవుడికి కొడుకులు లేరు, కూతురు రుద్రమను సింహాసనం ఎక్కించాడు, సామంతులు తిరగబడ్డారు, ఆమె అణచింది. చేసిన పనులన్నీ చేసిన తర్వాత కూడా రాయి మీద చెక్కడానికి మగ పేరు కావలసి వచ్చింది. చిన్నప్పుడు బడిలో ఇది గొప్పగా చెప్పేవారు, నేనూ గొప్పగానే విన్నాను. ఇప్పుడు ఆ దారిలో పోతుంటే ఫోన్‌లో వినిపించే "సార్" గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

సెంటర్ నడపడం అంటే ఏమిటో బయటివాళ్ళకు అంతగా తెలియదు. అక్క ఊళ్ళోని మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యకు అధ్యక్షురాలు. సీజన్ మొదలైతే సెంటర్ బాధ్యత ఆమెదే. ఎవరు ముందు వడ్లు తెచ్చారో సీరియల్ రాయాలి, తేమ చూడాలి, బార్దాన్, అంటే గోనె సంచుల లెక్క చూసుకోవాలి, హమాలీలను ఒప్పించాలి, కాంటా దగ్గర నిలబడాలి, లారీ కోసం పదిసార్లు ఫోన్ చేయాలి, మిల్లు దగ్గర కోత పెడతామంటే కొట్లాడాలి, చివరికి ట్యాబ్‌లో ఎంట్రీ సరిగ్గా పడిందా చూసుకోవాలి. ఒక్క అంకె తప్పు పడితే రైతు ఖాతాలో డబ్బు ఆగిపోతుంది. ఆ యాసంగిలో ఏ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. ఒక సెంటర్‌లో పది వేల క్వింటాళ్ళు కాంటా అయితే రెండు కోట్ల ముప్పై రెండు లక్షలు. అంత డబ్బుకు జవాబు చెప్పే మనిషి ఆ ఊళ్ళో ఆ రెండు నెలలు ఇంకెవరున్నారు? ఆమె పదో తరగతి దాకా చదువుకుంది. లెక్కలో నేను ఆమెతో పోటీ పడలేను.

మా క్లస్టర్‌లోనే ఇంకో ఊళ్ళో సహకార సొసైటీ సెంటర్ ఉంది. దాన్ని నడిపేది ఒక అన్న. ఇద్దరూ మంచి పనిమంతులు. ఇద్దరి దగ్గరా అదే మిషన్, అదే పదిహేడు, అదే సీరియల్. కానీ వాళ్ళ మీద నాకు వచ్చే ఫోన్లలో మాటలు వేరు.

మే మొదటి వారంలో ఒక సాయంత్రం, పదిహేను ఎకరాల ఆసామి ఒకాయన తన వడ్లు ముందు కాంటా పెట్టాలన్నాడు. సీరియల్‌లో ఆయనది ముప్పై నాలుగు. అప్పుడు ఇరవై ఆరు నడుస్తోంది. అక్క కుదరదన్నది. అరవలేదు, తిట్టలేదు, పుస్తకం తెరిచి చూపించింది. ఆయన నాకు ఫోన్ చేశాడు.

"మేడమ్, ఆమెకు నోరెక్కువైంది. అధ్యక్షురాలు అయినకాడి నుంచి మనుషులు కనిపిస్తలేరు. జెర మీరు చెప్పుండ్రి."

వారం తిరగకముందే సొసైటీ సెంటర్ నుంచి ఇంకొకాయన, అచ్చంగా ఇదే ఫిర్యాదు మీద.

"గాయన రూల్ మనిషి మేడమ్. ఎవలి మాట ఇనడు. గట్టోడు. మీరు చెప్తె ఇంటడేమో."

రెండూ ఫిర్యాదులే. మొదటిదాంట్లో మనిషి స్వభావంలోనే లోపం ఉంది. రెండోదాంట్లో కోపం ఉన్నా లోలోపల మర్యాద ఉంది. ఆ తేడా అప్పుడు నా చెవికి పట్టలేదు. పట్టింది జూన్‌లో.

సెంటర్‌కు వెళ్ళి వచ్చిన ప్రతిసారి డైరీలో రెండు వాక్యాలు రాసుకునే అలవాటు నాకు. సీజన్ అయిపోయాక రిపోర్టు కోసం వెనక్కి తిప్పుతుంటే ఈ రెండు పేజీలు కనపడ్డాయి. అక్క గురించి: "పని బాగుంది. రైతులతో ఇంకొంచెం సౌమ్యంగా మాట్లాడాలని చెప్పాను." పది రోజుల తేడాలో ఆ అన్న గురించి: "క్రమశిక్షణ ఉంది. సీరియల్ విషయంలో గట్టిగా నిలబడుతున్నాడు."

ఆ రాత నాదే. నీలం ఇంకు, నా వంకర అక్షరాలు.

చాలాసేపు ఆ డైరీ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. సొసైటీ సెంటర్‌లో ఆ అన్న గొంతు రోడ్డు దాకా వినిపిస్తుంది. హమాలీల మీద కేకలు వేస్తాడు, ఒకసారి నా ఎదుటే లారీ డ్రైవర్‌ను నానా మాటలూ అన్నాడు. ఆయనకు సౌమ్యంగా మాట్లాడమని నేను ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పాలని అనిపించలేదు. పనిలో ఉన్న మగమనిషి కేక వేస్తే అది పని వేడి అనుకున్నాను. అక్క గొంతు పెంచకుండా కుదరదంటే అది నాకు కూడా కరుకుగా వినిపించింది. ఆసామి ఫోన్ చేసి "నోరెక్కువ" అన్నాడు, నేను దాన్నే కాస్త మర్యాదైన మాటల్లోకి మార్చి డైరీలో పెట్టాను. ఆ తర్వాత అక్కకు నిజంగానే చెప్పాను కూడా, "అక్కా, జెర మెల్లగ మాట్లాడు" అని. ఆమె "సరే మేడమ్" అంది. ఆ "సరే" ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మన మాటల్లోనే ఉంది ఇదంతా. నలుగురిలో నిలబడి మాట చెల్లించుకుంటే మగవాడిది పెద్దరికం, ఆడదానిది పెత్తనం. ఆయన మాట మీద నిలబడే మనిషి, ఈమె మొండిది. ఆయన గట్టోడు, ఈమె గయ్యాళి. బాగా మెచ్చుకోవాలంటే "మగరాయుడమ్మా" అంటాం, అంటే మెప్పులో కూడా మగవాడే ఉన్నాడు. "ఆడపెత్తనం" అనే మాట మా అమ్మమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో. ఆమె ముగ్గురు పిల్లలను ఒంటిచేత్తో పెంచి, నాలుగెకరాలు కౌలుకిచ్చి, లెక్కలు చూసుకున్న మనిషి. ఆమె కూడా ఆ మాటనే వాడేది, వేరే ఆడవాళ్ళ గురించి.

నా స్నేహితురాలు హనుమకొండలో డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్తుంది. ఈ డైరీ సంగతి చెప్తే ఆమె ఒక పరిశోధన గురించి చెప్పింది. పశ్చిమ బెంగాల్‌లో బీర్భూమ్ జిల్లా. అప్పట్లో అక్కడ గ్రామ పంచాయతీల ప్రధాన్ పదవుల్లో, అంటే మన సర్పంచ్ లాంటి పదవుల్లో, మూడింట ఒక వంతు మహిళలకు వంతులవారీగా కేటాయించేవారు. ఏ ఊరికి వస్తుందో ఊరివాళ్ళ చేతిలో ఉండేది కాదు. అందుకే మహిళా ప్రధాన్‌ను చూసిన ఊళ్ళనూ చూడని ఊళ్ళనూ పోల్చడం కుదిరింది. ఎస్తర్ డఫ్లో, రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, రోహిణి పాండే, ఇంకో ఇద్దరు కలిసి ఆ పని చేశారు. డఫ్లోకు తర్వాత 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వాళ్ళు ఒక నాయకుడి ప్రసంగం రికార్డు చేశారు. ఒక్క అక్షరం తేడా లేని అదే ప్రసంగం, ఒకటి మగ గొంతుతో, ఒకటి ఆడ గొంతుతో. ఊరివాళ్ళకు ఏదో ఒకటే వినిపించి, ఈ నాయకత్వం ఎలా ఉందో చెప్పమన్నారు. మహిళా ప్రధాన్‌ను ఎన్నడూ చూడని ఊళ్ళలో ఆడ గొంతుకు మార్కులు తగ్గాయి.

వింటుంటే నాకు ఆ తేమ మిషనే కళ్ళ ముందు మెదిలింది. అదే అంకె, వేరే నోరు.

కానీ ఆ పరిశోధనలో నాకు బాగా నాటుకున్నది దాని తర్వాతి ముక్క. రిజర్వేషన్ వల్ల మహిళా ప్రధాన్‌ను చూసిన ఊళ్ళలో మగవాళ్ళు ఆ మార్కుల తేడా చూపించలేదు. మరి నాయకుడిగా ఎవరుంటే మీకు ఇష్టం అంటే? మగవాడే అన్నారు. ఇష్టం మారలేదు, తూకం మాత్రం సరైంది. ఇంకొకటి. మొదటిసారి మహిళ ప్రధాన్ అయినప్పుడు ఊరివాళ్ళు ఆమె పనికి తక్కువ మార్కులే వేశారు. రెండోసారి వచ్చిన మహిళకు అలా వేయలేదు. అంటే మొదట వచ్చినామె ఆ భారమంతా మోస్తుంది. ఆమె పడిన మాటల మీద నడిచి రెండో ఆమె వస్తుంది. 2009లో అచ్చయిందట ఆ వ్యాసం. నేను 2025లో, మా ఊళ్ళ మధ్య తిరుగుతూ తెలుసుకున్నాను.

ఇది మగవాళ్ళ జబ్బు మాత్రమే అనుకోవడానికీ వీల్లేదని స్నేహితురాలు ఇంకోటి చెప్పింది. అమెరికా యూనివర్సిటీల్లో సైన్స్ ప్రొఫెసర్లకు ల్యాబ్ మేనేజర్ ఉద్యోగం కోసం ఒకే దరఖాస్తు పంపారు. కొందరికి జాన్ అనే పేరుతో, కొందరికి జెన్నిఫర్ అనే పేరుతో. జాన్ ఎక్కువ సమర్థుడిగా కనిపించాడు. జాన్‌కు ఇస్తామన్న జీతం ఏడాదికి సుమారు 30,000 డాలర్లు, జెన్నిఫర్‌కు 26,500. అలా తేల్చినవాళ్ళలో మహిళా ప్రొఫెసర్లు కూడా మగ ప్రొఫెసర్లలాగే ఉన్నారు. 2012 నాటి సంగతి. నా డైరీ పేజీ లాంటిది నా ఒక్కదానికే కాదన్నమాట, మనసుకు కాస్త ఊరట. కానీ ఊరటతో అక్కకు నేను చెప్పిన మాట వెనక్కి రాదు.

ఆ పెద్దాయన మళ్ళీ ఆ ఏడాది వానాకాలం వడ్లు తెచ్చాడు, నవంబరులో. అక్క మిషన్ నొక్కి ఆయనకు చూపించింది. ఈసారి ఆయన కళ్ళు చికిలించి అంకె చదువుకున్నాడు. "పదహారు పాయింట్ ఎనిమిది. అయితె అయిందన్నట్టే గదా బిడ్డా" అన్నాడు. బీడీ వెలిగించుకుంటూ నాతో మాత్రం, "మంచిగనే నడుపుతది గని మేడమ్, సెంటరుకు మొగోడుంటెనే అందం" అన్నాడు. బీర్భూమ్‌లోనూ సరిగ్గా ఇదే.

ఇక నా ఫోన్ సంగతి. ఆగస్టులో యూరియా కోసం రైతులు లైన్లు కట్టిన రోజుల్లో, ఊళ్ళలో ఎవరెవరితో మాట్లాడాలో చూద్దామని నంబర్ల జాబితా పైనుంచి కిందికి చదివాను. గ్రామ సమాఖ్య అధ్యక్షురాళ్ళ నంబర్లు నా దగ్గర లేవు. ఉన్నవి వాళ్ళ భర్తలవి. పాత సర్పంచ్‌లలో ఇద్దరు మహిళలు, వాళ్ళ పేర్ల కింద కూడా భర్తల నంబర్లే. "సెంటర్ అక్క భర్త" అని నేనే టైపు చేసి పెట్టుకున్నాను. ఎందుకంటే మొదటిసారి నేను అడిగిన తీరే అలాంటిది. "ఎత్తే నంబరు ఏదైనా ఇవ్వక్కా" అన్నాను. ఆమె భర్తది ఇచ్చింది. మూడేళ్ళు ఆయనకే ఫోన్ చేశాను. ఆయన "ఆఁ మేడమ్, చెప్తా మేడమ్" అనేవాడు. కొన్ని చెప్పేవాడు, కొన్ని మరిచిపోయేవాడు. మరిచిపోయినవాటికి నేను అక్కను అడిగేదాన్ని: "చెప్పాను కదక్కా, ఎందుకు చేయలేదు?"

మన తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీల్లో సగం పదవులు మహిళలవి. చట్టం కుర్చీ ఇచ్చింది. ఆ కుర్చీ ముందున్న ఫోన్ మోగాలంటే నాలాంటి ఉద్యోగులు నంబరు నొక్కాలి. సర్పంచ్ గారి భర్త మీటింగులో కూర్చుని మాట్లాడితే మేమందరం లోలోపల నొచ్చుకుంటాం, కానీ ఆయన్ను మొదట ఆ కుర్చీ దాకా పిలిచింది మా ఫోన్లే.

సెప్టెంబరులో ఒక ఆదివారం కూచుని అందరి సొంత నంబర్లు కనుక్కుని మార్చుకున్నాను. ఒకామెకు సొంత ఫోన్ లేదు, కోడలి ఫోన్ నంబరు ఇచ్చింది. మా సెంటర్ అక్కను అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కో అంకె విడిగా, నిదానంగా చెప్పింది. "రాత్రి చేసినా ఎత్తుత మేడమ్" అంది.

ఒక మాట దయ గురించి కూడా చెప్పాలి, దాన్ని పట్టుకోవడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. తిడితే తెలుస్తుంది. దయగా అంటే తెలియదు. రెండేళ్ళ కిందట గాలివానల సమయంలో రాత్రి పూట సెంటర్ల దగ్గర ఎవరుండాలో పై అధికారి ఒకరు డ్యూటీలు వేశారు. నా పేరు దగ్గరికి రాగానే, "చిన్న పిల్లలున్నరు, నువ్వు ఇంటికి పోమ్మా" అన్నారు. ఎంత తేలికైందో నా ప్రాణం. చేతులెత్తి దండం పెట్టాను. నా బదులు పక్క క్లస్టర్ తమ్ముడు వెళ్ళాడు. ఆయనకూ ఇద్దరు చిన్న పిల్లలు, ఆయన్ను ఎవరూ అడగలేదు. తర్వాతి సీజన్‌లో మండలం మొత్తానికి సెంటర్ల పర్యవేక్షణ ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది. "ఆ పిల్లగాడు రాత్రుళ్ళు నిలబడ్డడు, అనుభవం ఉన్నది" అని ఆయనకే ఇచ్చారు. నిజమే, ఆయన నిలబడ్డాడు. ఆయన పని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. "నీకు వీలవుతుందా?" అని నన్ను ఒక్కమాట అడిగి ఉంటే చాలు. అడిగి ఉంటే నేను వీలు కాదనేదాన్నేమో కూడా. కానీ ఆ మాట నేను అనేదాన్ని.

అక్కను ఇంటికి పొమ్మనే అధికారి ఎవరూ లేరు. 2025లో మొంథా తుపాను వచ్చినప్పుడు ఆ సంగతి తెలిసింది. ముందుగా కోసినవాళ్ళ వడ్లు అప్పటికే సెంటర్‌కు చేరాయి. అక్టోబరు 28 సాయంత్రం మబ్బు దిగింది. లారీ ఒకటి వచ్చి ఉంది. సగం నింపిన లారీని పూర్తి చేసి పంపిద్దామని హమాలీలు, రైతులు కొందరు. అక్క కాంటా ఆపించింది. ముందు కుప్పలు ఎగదోసి కవర్లు కప్పాలి, చుట్టూ నీళ్ళు పోయేలా కాలువ తీయాలి, లారీ సంగతి తర్వాత అంది. "లారీ రేపైనా వస్తది. తడిసిన వడ్లు రావు" అందట. ఒకరిద్దరు గొణిగారట. ఆసామి కూడా అక్కడే ఉన్నాడట, ఆయన మాత్రం పార పట్టాడట.

మర్నాడు, 29న, హనుమకొండలో రోడ్లు చెరువులయ్యాయి. మా గల్లీలో మోకాలి లోతు నీళ్ళు. నేను గడప దాటలేకపోయాను. రాత్రి పది దాటాక, కరెంటు లేదు, ఫోన్‌లో ఛార్జింగ్ ఇరవై శాతం ఉంది. సెంటర్ ఏమైందో తెలియదు. అలవాటైన వేలు పాత నంబరు వైపే పోయింది, ఆ పేరు ఇప్పుడు జాబితాలో లేదు. అక్క నంబరు నొక్కాను.

రెండో రింగుకు ఎత్తింది. వెనక కవర్ మీద వాన చప్పుడు. ఎవరో మగగొంతు, ఆమె భర్తే అనుకుంటా, "ఎవలే గింత రాత్రి? ఇటియ్యి" అంటున్నాడు.

"ఏఈఓ మేడమ్. నాకే" అంది ఆమె. తర్వాత నాతో, "మేడమ్, అటు దిక్కు నాలుగు కుప్పలకు అడుగున చెమ్మ తాకింది. మిగిలినయి మంచిగున్నయి. కవర్లు పదకొండు చినిగినయి. బార్దాన్ బడిలకు మార్పిచ్చిన. రాసుకుంటాండ్రా?"

కొవ్వొత్తి దగ్గరికి జరిగి డైరీ తెరిచాను. "చెప్పక్కా, రాసుకుంటున్నా."